మసిగుడ్డకు అంటిన వాసన

ఆ వారం మా ఇంట్లో గొడవ ఒక మసిగుడ్డ గురించి మొదలైంది.

పాత నేతచీర చింపి, నాలుగువైపులా అంచు మడిచి నేనే కుట్టుకున్న గుడ్డ అది. దసరా పనుల్లో కనపడకుండా పోయింది. పండుగ దాటాక పెరట్లో నీళ్ల డ్రమ్ము వెనక దొరికింది. మధ్యలో అరచెయ్యంత మరక. వేడినీళ్లలో సబ్బుపొడి కలిపి నానబెట్టాను, బండ మీద వేసి రుద్దాను. మరక కొంచెం పలచబడింది కానీ వాసన పోలేదు. కుళ్లిన వెల్లుల్లికీ కాలిన రబ్బరుకీ మధ్యలో ఎక్కడో ఉండే వాసన.

"అత్తమ్మా, గారెల మూకుడు దించేటప్పుడు దీన్ని మీరే పట్టుకున్నరు గద. పెరట్లకెట్ల పోయింది?" అని అడిగాను.

మా అత్తగారు తారాబాయి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "మూకుడు దించిన, గుడ్డ ఆడనే పెట్టిన. దానికి కాళ్లొచ్చి నడ్సుకుంట పోయిందేమో."

"కాళ్లొస్తే రానీ. నూనె ఎట్లంటింది?"

"ఓ పూర్ణిమా, కాలేజీల సదివింది మసిగుడ్డల పంచాయితి చెయ్యనీకేనా? నా చీర చింపి నాలుగు గుడ్డలిస్త తియ్యి."

"మీ చీరలకు అంచు నిలువది" అన్నాను. ఆమె తర్వాతి చిక్కుడుకాయను గిన్నెలోకి కొంచెం గట్టిగానే విసిరింది.

ముందు గదిలోంచి మా ఆయన వీరేందర్ అరిచాడు. "ఇగ ఆపుండ్రి! ఆడ బండి గేర్‌బాక్స్ పోయి నేను పరేషాన్ల ఉంటే, ఈడ గుడ్డ కోసం కొట్లాట."

ఆ మాట నాకు గుడ్డ మరక కంటే ఎక్కువ తగిలింది.

ఆ బండి నాది. కాగితాల మీద వీరేందర్ పేరు ఉన్నా, విమానాశ్రయం పక్కనున్న మా తొండుపల్లిలో వాడకట్టంతా దాన్ని పూర్ణిమ కారు అనే అంటారు. స్కూటీ మీద నుంచి పడి నా ఎడమ మోకాలి చిప్ప పగిలింది. ఆ కాలు నడకకు పనికొస్తుంది కానీ క్లచ్ తొక్కడానికి పనికిరాదు. కాసేపు తొక్కితే చాలు, వణుకు మొదలవుతుంది. ఇక జీవితంలో బండి నడపనని నేను సర్దుకుంటున్న రోజుల్లో, ఎడమకాలితో పనే లేని కారు ఒకటి ఉంటుందన్న కబురు ఇంటికి తెచ్చింది మా మామగారు జంగయ్య. విమానాశ్రయం దారిలో చాయ్ హోటల్ దగ్గర ఆగే ట్యాక్సీ డ్రైవర్లను పట్టుకుని, "మా కోడలుకు ఎడమకాలు బాగలేదు, ఏం బండి కొనాలె?" అని అడిగి తెలుసుకున్నారట. ఆయన తన జన్మలో నడిపింది ట్రాక్టర్ ఒక్కటే.

ప్లాట్లు కొట్టి వదిలేసిన ఖాళీ రోడ్ల మీద నేను కారు నేర్చుకుంటుంటే, తలకు తువ్వాల చుట్టుకుని పక్క సీట్లో కూర్చునేవారు. ఏనాడూ భయపడినట్టు కనపడలేదు. నేను బ్రేకు మరీ గట్టిగా తొక్కినప్పుడు మాత్రం, "కొత్తగ కట్టిన ఎడ్లు గూడ గట్లనే ఆగుతయ్" అనేవారు.

ఆ కారు వచ్చాకనే బుద్వేల్‌లో ఉన్న మా అమ్మను కంటి దవాఖానకు నేనే తీసుకుపోతున్నాను. కంట్లో సూది వేయించుకుని, పట్టీ కట్టుకుని, నా పక్కన కూర్చుని అమ్మ ఇంటికి వస్తుంది. ఎవరి సెలవు కోసమూ ఎదురుచూడం. ఎవరి మొహమూ చూడం.

దసరా మర్నాటి నుంచి ఆ కారు తీరు మారింది. పొద్దున వాకిట్లో స్టార్ట్ చేసి ముందుకు పోయే గేరు వేస్తే, వెంటనే కదలదు. ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక్కసారి దూకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గట్టిగా అరుస్తుంది, వేగం మాత్రం పెరగదు. తర్వాత ఒళ్లంతా వణుకుతుంది.

వీరేందర్ దాన్ని ఒక షాపుకు తీసుకుపోయాడు. వాళ్లు బానెట్ కూడా ఎత్తకుండా, ఒక చుట్టు తిప్పి, గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారట. వీరేందర్ విమానాశ్రయం కార్గోలో పని చేస్తాడు. రోజంతా బరువులు తూచే మనిషి, ఇంటికొచ్చేసరికి దీన్ని కూడా తూచేశాడు.

"అమ్మేద్దాం. పాత బండ్లు కొనే హరిప్రసాద్ ఆదివారం వచ్చి చూస్తనన్నడు. మామూలు గేర్ల బండి ఒకటి తీసుకుందాం" అన్నాడు.

"గేర్ల బండైతే నేను నడపలేను."

"నేనున్న గద. యాడికి పోవాలన్నా నేను తోల్కపోత." ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ వెనక కార్గో ఆఫీసు డ్యూటీ చార్టు నాకు కనపడింది. "అసలు నువ్వు ఎడమకాలు బ్రేకు మీద పెట్టి నడుపుతున్నవేమో. గందుకే ఖరాబైంది."

నేను సంతోషికి ఫోన్ చేసి, ఈ నింద సంగతి కూడా చెప్పాను.

సంతోషి మా ఆడపడుచు కూతురు. ఆటోమొబైల్ డిప్లొమా చేసి, విమానాల దగ్గరకు సామాన్లు లాగే బండ్లను బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం చేస్తోంది. వీరేందర్‌కు మేనకోడలు కాబట్టి ఆయన్ని ఆటపట్టించడం తన హక్కు అనుకుంటుంది. డ్యూటీ దిగి అటునుంచే వచ్చింది.

తాళంచెవి ఇవ్వబోతే తీసుకోలేదు. "ముందు చెప్పు అత్తా. ఎప్పుడు దూకినట్టు గుంజుతది, ఎప్పుడు గుంజదు?"

చెప్పాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ. బుద్వేల్ దాకా పోయి వేడెక్కి తిరిగొచ్చేటప్పుడు తక్కువ. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతుంటే తెలియనే తెలియదు. సర్వీసు రోడ్డు నుంచి పైకి ఎక్కే వాలు దగ్గర మాత్రం తప్పకుండా వణుకుతుంది. ఏసీ వేసినా వేయకపోయినా తేడా లేదు.

"ఇన్నవా మామా?" అని సంతోషి వీరేందర్ వైపు తిరిగింది. "నేను రాంగనే నువ్వేమో 'బండి ఖరాబైంది' అన్నవ్, అంతే. అత్త లెక్క చెప్తే సగం పని ఆడనే అయిపోతది."

"సగం అయింది గద, మిగిలిన సగం నువ్వు చెయ్యి" అన్నాడు వీరేందర్.

"చేస్త. ముందు నువ్వు మోపిన నేరం చూస్త."

నన్ను నడపమని పక్కన కూర్చుంది. వాలు ఎక్కి దిగి ఇంటికి వచ్చాక, ఒక్కో చక్రం దగ్గర కూర్చుని అరచేతి వెనకవైపు ఆనించీ ఆనించనట్టు పెట్టి చూసింది. "సల్లగున్నయ్. బ్రేకు మీద కాలుంటే ఈడ రొట్టె కాల్చుకోవచ్చు. మామా, అత్తకు సారీ చెప్పు."

"చెప్త తియ్యి."

"ఎప్పుడు?"

"బండి బాగైనంక."

తర్వాత స్టీరింగ్ కింద ఒక చిన్న యంత్రం తగిలించి ఫోన్‌లో చూసింది. ఇంజన్‌లో ఏ లోపమూ లేదంది. బానెట్ ఎత్తింది. గేర్‌బాక్స్ నూనె చూసే పుల్ల ఒక మూత కింద ఉంటుంది. ఆ మూతను పట్టుకునే క్లిప్పు విరిగి ఉంది. సంతోషి నవ్వు ఆగిపోయింది. "దీన్ని ఎవరో తీసిండ్రు."

పుల్ల బయటికి లాగింది. "ఈ బండి నూనె లేత పచ్చగ, నీళ్లలెక్క పల్చగ ఉండాలె" అంది. పుల్ల చివరన వచ్చింది ముదురు రంగులో, చిక్కగా ఉంది. బెల్లం పాకం చూసినట్టు వేలితో తీసి చూసింది. తీగ సాగింది.

"అత్తా, ఏం వాసన ఇది?" అని పుల్ల నా ముక్కు దగ్గర పెట్టింది.

అది నాకు తెలిసిన వాసన. మూడు రోజులుగా సబ్బుతో, వేడినీళ్లతో నేను కొట్లాడుతున్న వాసన. తీగ మీద ఆరేసిన మసిగుడ్డ నా కళ్ల ముందే గాలికి ఊగుతోంది. పుల్లను చేత్తో పక్కకు జరిపాను.

సంతోషి వీరేందర్‌కు చెబుతోంది. "దీంట్ల గేర్లుండవ్ మామా. రెండు చక్రాల నడుమ ఇనుప పట్టా తిరుగుతది. మన పిండి గిర్నీల పట్టా చూడలే? అట్లనే. చక్రాలు దగ్గరికి, దూరం జరుగుకుంట వేగం పెంచుతయ్, తగ్గిస్తయ్. ఈ నూనె పని ఆ పట్టాను జారకుంట పట్టి ఉంచుడు. ఇప్పుడు లోపల ఉన్నది జారనీకె పోసే నూనె. అండ్ల పట్టా జారుతున్నది, మల్ల పట్టుకుంటున్నది. గదే వణుకు."

"అంటే ఆ షాపోడే పోసిండు!" వీరేందర్ చెప్పులు వెతుక్కున్నాడు. "ఇప్పుడే పోయి వాని సంగతి చూస్త."

"షాపుకు పోకముందు నుంచే గుంజుతున్నది" అన్నాను.

"అయితే అంతకుముందు సర్వీస్ చేసినోడు."

"జర ఆగు మామా" అంది సంతోషి. "కొట్లాట తర్వాత. ఏ నూనె పోసిండ్రు, ఎప్పుడు పోసిండ్రు, గది తెల్వాలె. కొత్తగ పోసిందైతే కడిగేస్తే బతుకుతది. ఎన్నో రోజులైతే పట్టా అరిగిపోయి ఉంటది. అప్పుడు హరిప్రసాదే దిక్కు."

నేను తీగ మీది గుడ్డ తీసుకుని ఇంటి వెనక ట్రాక్టర్ షెడ్డుకు పోయాను.

మామగారు ట్రాలీ అంచు మీద కూర్చుని కొడవలి పిడికి తీగ చుడుతున్నారు. నా చేతిలో గుడ్డ చూసి నవ్వారు. "గది నీదా బిడ్డా? పాతదనుకున్న. నీ బండికి నూనె పోసినంక చేతులు తుడ్సుకున్న."

అడగకముందే జవాబు వచ్చేసింది.

"నా బండికి నూనె పోసిన్రా మామా?"

"మల్ల? పండుగ పూట కొడవలికి నూనె, నాగలికి నూనె, ట్రాక్టర్‌కు నూనె. నీ బండికి ఒట్టి బొట్టు పెట్టి ఇడ్సిపెడ్తనా? పుల్ల గుంజి చూస్తే లోపల నూనె నీళ్లలెక్క కారుతున్నది. ఎవడో కల్తీది పోసి మోసం చేసిండనుకున్న. మన ట్రాక్టర్‌కు తెచ్చిన గేర్ ఆయిల్ ఉండె, మంచిది, కొత్త డబ్బ. పొద్దుగాల మీరంతా గారెల పనిల ఉంటే..."

విమానం దిగుతోంది. మా ఊళ్లో నెత్తి మీద విమానం పోతుంటే ఎవరమూ మాట్లాడం. ఎక్కడ ఆగామో, మోత తగ్గాక అక్కడి నుంచే అందుకుంటాం. కానీ ఆ కాసేపట్లో మామగారు నా మొహం చూశారు, చేతిలోని గుడ్డ చూశారు, దూరంగా ఎత్తి ఉన్న బానెట్ చూశారు. మోత తగ్గాక ఆపిన మాట అందుకోలేదు.

"నేనేనా?" అన్నారు.

నేను ట్రాలీ అంచు మీద ఆయన పక్కన కూర్చున్నాను. సంతోషి చెప్పిన గిర్నీ పట్టా సంగతి చెప్పాను. పూర్తిగా చెప్పనక్కర్లేకపోయింది.

"గిర్నీ పట్టాకు నూనె రాసినట్టాయె" అన్నారు. "అయ్యో. ఆడ పల్చగ ఉండుడే మంచిదా? ట్రాక్టర్ల పల్చగైతే గేర్లు తింటది బిడ్డా. నేను గట్లనే చూసిన."

"మీరు చూసింది ట్రాక్టర్ లెక్కన సరిగ్గనే చూసిన్రు. ఎంత పోసిన్రు?"

"సగం డబ్బ. ఇంక తాగలే." కొడవలిని పక్కన పెట్టారు. "వీరేందర్‌కు చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

"నా బండికి నూనె పోసింది మీరు. చెప్పేదీ చెప్పందీ మీ ఇష్టం. సంతోషికి నూనె పేరు చాలు."

అక్కడి నుంచి వస్తుంటే నాకు కోపం రావాలి కదా అని వెతుక్కున్నాను. దొరకలేదు. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రతి దసరాకూ చూస్తున్నాను. మగవాళ్లు పనిముట్లన్నీ వాకిట్లోకి తెచ్చి, కడిగి, నూనె పెట్టి వరుసగా పేరుస్తారు. నేను పసుపు కుంకుమల పళ్లెం అందించి వెనక్కి వచ్చేస్తాను. ఆ వరుసలో పనికిరాని వస్తువు ఒక్కటీ ఉండదు. ఇంటికి అన్నం పెట్టేవే ఉంటాయి. ఆయన నా బండిని ఆ వరుసలో చేర్చుకున్నారు. నాకు చెప్పి మెప్పు పొందాలని కూడా అనుకోలేదు. నాకు నడక మిగిలితే చాలని దవాఖానలో అందరూ అనుకున్నప్పుడు, కోడలు బండి ఎట్ల నడుపుతుందని ఆలోచించిన మనిషి కదా. ఆ ఆలోచనే ఒక డబ్బా నూనెగా తిరిగొచ్చింది. డబ్బా తప్పు, చెయ్యి కాదు.

సంతోషికి నూనె పేరు, పోసిన రోజు చెప్పాను. నా మొహం చూసింది. షెడ్డు వైపు చూసింది. "మంచి మాట అత్తా. నాకింక ఏం ఒద్దు" అని ఊరుకుంది.

శనివారం శంషాబాద్‌లో తనకు తెలిసిన శంకరయ్య మెకానిక్ షెడ్డుకు కారు తెమ్మంది. మామగారు కూడా వస్తానన్నారు. దారి పొడుగునా కారు వణికినప్పుడల్లా డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, ఈనే ఆవును నిమిరినట్టు నిమిరారు.

కారును పైకి లేపి కింద బిరడా విప్పారు. చిక్కటి నూనె పళ్లెంలోకి జారింది. షెడ్డంతా మా మసిగుడ్డ వాసన. సంతోషి అడుగు రేకు ఊడదీసి, దానికి అంటుకున్న అయస్కాంతం ముక్క బయటికి తీసింది. "ఇదే పరీక్ష" అంది. "ముక్కలు ముక్కలుగ ఇనుము దొరికితే పట్టా తెగుతున్నట్టు. మెత్తటి పొడే ఉంటే ఫికర్ లేదు."

అయస్కాంతం మీద వేలు పెట్టి రాసింది. మామగారు తువ్వాల తీసి చేతుల్లో పట్టుకున్నారు.

సంతోషి వేలు పైకెత్తి చూపించింది. నున్నటి నల్లటి రంగు, ఇంకేమీ లేదు. "కాటుక" అంది. "అత్తా, కాటుక! ఒక్క ముక్క లేదు. తాత, ఈడికి రా, దిష్టి చుక్క పెడ్త." నిజంగానే ఆయన చెంపకు రాసింది. ఆయన తుడుచుకోలేదు.

అసలైన నూనె పోసి, ఇంజన్ తిప్పి, అది కూడా తీసేసి మళ్లీ కొత్తది పోసింది. లోపల మిగిలిన చిక్కటి నూనె పోవాలంటే ఒక్కసారి చాలదట. సాయంత్రం నేను కారు బయటికి తీశాను. పహాడీ షరీఫ్ వైపు కొంత దూరం పోయి, కావాలనే ఎత్తున్న చోట నెమ్మదిగా ఎక్కించాను. ఇంజన్ గొంతు పెంచలేదు. కారు ఆగలేదు, దూకలేదు. పాల మీద మీగడ జరిగినట్టు పైకి జరిగింది. పక్క సీట్లో మామగారి చెంప మీద మరక ఇంకా అలాగే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం బగారన్నం, కోడికూర చేశాను. సంతోషి కూడా వచ్చింది. నేల మీద అందరం వరుసగా కూర్చున్నాం. వీరేందర్ రెండో ముద్ద నోట్లో పెట్టుకోకముందే హరిప్రసాద్ ఫోన్ చేశాడు.

"తింటున్నమన్నా, మల్ల చేస్త" అని వీరేందర్ పెట్టేశాడు. "ఏం చెప్పాలె వానికి?"

"బండి బాగైంది గద మామా" అంది సంతోషి. "అత్తకు సారీ బాకీ ఉన్నవ్, గది చెప్పు ముందు."

"బాగైంది, ఒప్పుకుంట. సారీ పూర్ణిమా. అయినా ఎవడు పోసిండో తెల్వది. తెల్వనప్పుడు రేపు మల్ల పోయడని ఏం నమ్మకం? దారి నడుమ ఈమె ఒక్కతే ఉన్నప్పుడు ఆగిపోతే? మంచిగున్నప్పుడే అమ్ముడు నయం."

నా చేతిలో ముద్ద అలాగే ఉంది. అతని భయం అబద్ధం కాదు. దానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు నేను చెప్పదలచుకున్నది కాదు.

"నేను పోసిన" అన్నారు మామగారు.

వీరేందర్ తినడం ఆపాడు. "ఏంది బాపూ?"

"నేనే పోసిన. దసరా పొద్దుగాల. ట్రాక్టర్ నూనె. పల్చగున్నదని చిక్కటిది పోసిన. షాపోల్ల మీదికి పోకు, వాల్లకేం తెల్వది. పూర్ణిమకు తెల్సు. నా పేరు చెప్పలే."

ముందుగా తేరుకుంది మా అత్తగారు.

"అంటే గుడ్డ తీస్కపోయింది నువ్వేనా?" కంచంలోంచి చెయ్యి తీసి మామగారి వైపు చూపించింది. "ఏమయ్యా! గిన్ని రోజుల సంది ఈ పోరి నన్ను పోలీసోల్ల లెక్క అడుగుతుంటే ఇనుకుంట కూసున్నవా? గుడ్డకు కాళ్లొచ్చినయంటి, ఇగో ఈ కాళ్లే!"

సంతోషికి పొలమారింది. వీరేందర్ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. నేను అత్తమ్మ కంచంలో కోడి కాలు ముక్క ఒకటి ఎక్కువ వేశాను. "మిమ్మల్ని అనుమానించినందుకు ఇది జుర్మానా" అన్నాను. "ఇంకోటి ఎయ్యి" అంది.

మామగారు నవ్వలేదు. చెయ్యి కంచం అంచున ఆనించి, అందరూ సద్దుమణిగే దాకా ఆగారు. పైన విమానం కూడా దాటిపోయే దాకా ఆగారు.

"హరిప్రసాద్‌కు రావద్దని చెప్పు. బండి ఈడనే ఉంటది" అన్నారు. "ఇంకో మాట. వచ్చే దసరాకు ఆ బండి పూజ పూర్ణిమ చేస్తది. బొట్టు ఆమెనే పెడ్తది, కొబ్బరికాయ ఆమెనే కొడ్తది."

"ఆడోల్లు కొడ్తరా ఎక్కడన్న?" అంది అత్తమ్మ, కానీ గట్టిగా అనలేదు.

"ఎవరు నడుపుతరో వాల్లు కొడ్తరు. దానికేం పెట్టాల్నో, ఏం పెట్టొద్దో ఆమెకు తెల్సు, నాకు తెల్వదు. నేను పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్త." ఆయన మళ్లీ అన్నం కలుపుకున్నారు. ఒక ముద్ద తిన్నాక నా వైపు చూసి, "చేతులు తుడ్సుకునే గుడ్డ మాత్రం నాది నేనే తెచ్చుకుంట బిడ్డా" అన్నారు.